పెళ్లివారు దాటిన వంతెన

అడిలైడ్ నగరంలో, కిల్బర్న్‌లోని ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద, బియ్యం డబ్బా వెనక, నీలం అట్ట నోటు పుస్తకం ఒకటి ఉండేది. ఇంట్లో ఎవరు కొత్తగా దిగినా ఇల్లు నడిపే మనమాయ దీదీ ముందు గది చూపించేది. తర్వాత స్నానాలగది తలుపు ఎత్తిపట్టి గడియ వేయడం నేర్పేది. మూడోది ఆ పుస్తకం.

అందులో ఉన్నవన్నీ కథలు. పట్టా పుచ్చుకుని ఈ దేశంలోనే నిలబడాలనుకునే పరదేశపు పిల్లలకు ఇక్కడ ఏడాది పొడుగునా ఒక తర్ఫీదు ఉంటుంది. ఆఫీసులో ఎలా మసలాలి, ఎలా మాట్లాడాలి అని కొన్ని నెలలు క్లాసులో చెప్తారు, తర్వాత పన్నెండు వారాలు ఏదో ఒక కంపెనీలో పనిచేయిస్తారు. అది ముగిస్తే స్థిరనివాసం లెక్కలో ఐదు పాయింట్లు కలుస్తాయి. క్లాసులోనూ ఇంటర్వ్యూల్లోనూ అడిగేవి ఒకే రకం ప్రశ్నలు. 'పొరపాటు చేసి దిద్దుకున్న సంగతి ఒకటి చెప్పండి.' 'పై అధికారికి ఎదురు చెప్పిన సంగతి ఒకటి చెప్పండి.' జవాబు నాలుగు మెట్లు ఎక్కాలి: ఏం జరిగింది, నీ పనేమిటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది.

ఆ ఇంట్లో ఉండి కాగితాలు చేతికొచ్చి వెళ్లిపోయే నేపాలీ పిల్లలు తలా ఒక కథ పుస్తకంలో రాసిపెట్టి పోవాలి. పేరు పెట్టకూడదు. వాడుకున్నవాళ్లు కథ కింద ఒక గీత గీయాలి. ఒకే క్లాసులో ఇద్దరు ఒకే కథ చెప్పకూడదు. కట్టుబాటు అంతవరకే. కథ నిజమా కాదా అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇంద్రకళ వంతు వచ్చినప్పుడు ఆమె చెప్పుకోదగ్గ సంగతి కోసం తన ఇరవై ఏడేళ్ల బతుకూ వెతుక్కుంది. పడమటి నేపాల్ రోల్పా కొండల్లో ఘర్తి ఇంటిపేరువాళ్ల పిల్ల. కట్టడాల ఇంజనీరింగు చదివింది. అడిలైడ్ వచ్చి ఇంకో రెండేళ్లు అదే చదువు చదివింది.

"నాకేం జరిగిందని చెప్పను దీదీ? చదివాను, హోటల్లో గిన్నెలు తోమాను, మళ్లీ చదివాను."

మనమాయ దీదీ ఆవాకు తరుగుతోంది. వృద్ధాశ్రమంలో పనిచేసి వచ్చి ఇంకా ఆ బట్టలే మార్చుకోలేదు. "జరిగినవాళ్లు నోరు విప్పుతారా పిచ్చిదానా? జరగనివాళ్లే బాగా చెప్తారు. మన సుబోధ్ లేడూ, కంప్యూటర్ కాలిపోతే ఆఫీసునంతా కాపాడిన కథ చెప్పి సిడ్నీలో ఉద్యోగం కొట్టాడు. వాడి జన్మలో వాడు కాల్చినవి రొట్టెలే. తీసుకో, నీకు నప్పేది ఏదో ఒకటి తీసుకో."

పద్నాలుగో కథ వంతెన గురించి. ఇంజనీరింగు కథ కదా అని ఇంద్రకళ దాన్ని తీసుకుంది.

తూర్పు కొండల్లో ఒక వాగు మీద వేలాడే వంతెన. రాత్రంతా వాన కురిసింది. పొద్దున ఓవర్సీరు చూసేసరికి ఉక్కుమోకును పట్టి ఉంచే బిగింపు నాలుగు వేళ్ల మేర జారి ఉంది. ఓవర్సీరు వంతెన మొదట్లో చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. అంతలో మగపెళ్లివారు వచ్చారు. ముహూర్తం దాటిపోతోంది, జరగమన్నారు. ఓవర్సీరు కదల్లేదు. పెళ్లివారు టీ కొట్టు దగ్గర కూర్చుని అటుకులు తిన్నారు. మధ్యాహ్నానికి బిగింపు సరిచేశాక ఇద్దరిద్దరుగా దాటి, అవతలి గట్టు ఎక్కి వెళ్లిపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఆఖరి మాట దగ్గర కలం ఎంత నొక్కి రాశారంటే అచ్చు వెనక కాగితం మీదకు దిగింది. కథ కింద ఎనిమిది గీతలున్నాయి. ఇంద్రకళ తొమ్మిదోది గీసింది.

క్లాసు చెప్పడానికి ఆ ఏడే కొత్తగా వచ్చిన డోరీన్ పెట్రాకిస్ అరవై ఏళ్ల మనిషి. కళ్లజోడు తాడుకు కట్టుకుని మెడలో వేసుకునేది. "కళ్లలోకి చూసి మాట్లాడండి తల్లీ. మీరంతా నేలచూపులు చూస్తారు. నేల మీద ఉద్యోగాలు పడి లేవు" అనేది. ఎవరైనా 'మా వాళ్లందరం కలిసి' అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేది. "మీ ఊరు ఊరంతటికీ ఉద్యోగం ఇవ్వరు. నువ్వేం చేశావో చెప్పు."

ఇంద్రకళ వంతెన కథ చెప్పింది. మెట్లు నాలుగూ తప్పకుండా ఎక్కింది. డోరీన్ కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది.

"బాగుంది. మరి పెళ్లికొడుకు తండ్రి ఊరుకున్నాడా? ఏమన్నాడు నిన్ను?"

అది పుస్తకంలో లేదు. తడుముకోవాల్సిన చోట ఇంద్రకళ తడుముకోలేదు. "నవ్వాడు. 'వాన చూసి జడుసుకున్నావా తమ్ముడూ' అన్నాడు" అంది.

"తమ్ముడా? ఆడపిల్లను కూడా అలాగే పిలుస్తారా మీ దగ్గర?"

"పిలుస్తారు" అంది ఇంద్రకళ. పిలవరు. ఆ మాట నోట్లోకి ఎలా వచ్చిందో ఆమెకు తెలియలేదు. ఇంటికి వెళ్లేదాకా అది నాలుక మీద ఇసకలా తగులుతూనే ఉంది.

ఆ కథతోనే పన్నెండు వారాల పని కూడా దొరికింది. అది ఊళ్లలోని నడకవంతెనలూ గట్టుగోడలూ తనిఖీ చేసే చిన్న కంపెనీ. పెద్ద ఇంజనీరు రాస్ టిల్‌బ్రుక్, ఎండకు మెడ ఎర్రగా కమిలిపోయిన మనిషి. కథ విని బల్ల మీద కొట్టి, "ఇలాంటి మనిషే కావాలి నాకు. సోమవారం ఏడింటికి వచ్చెయ్" అన్నాడు.

"థాంక్యూ సర్."

"సర్ అనకు. మా నాన్న వచ్చి నా వెనక నిలబడ్డాడేమోనని భయమేస్తుంది. రాస్ అను."

"సరే సర్."

పని ఆమెకు కుదిరింది. చిన్న సుత్తితో ఇనుము మీద కొట్టి శబ్దం వింటుంది. తుప్పు ఎక్కడ పైపైన ఉందో, ఎక్కడ లోపలికి తిన్నదో చెవికే తెలుస్తుంది. రాస్ మెచ్చుకున్నాడు. పన్నెండో వారం చివర అతను నింపే కాగితం మీదే ఆమెకు తర్ఫీదు సర్టిఫికెట్టు వస్తుంది. వీసా జూన్ తొమ్మిదితో సరి. సర్టిఫికెట్టు లేకపోతే ఆ ఐదు పాయింట్లు లేవు. పాయింట్లు లేకపోతే ఇన్నేళ్ల చదువూ గిన్నెల చాకిరీ మూటగట్టుకుని విమానం ఎక్కడమే.

రాస్ కనబడిన వాళ్లందరికీ ఆమెను చూపించేవాడు. "ఇదిగో, పెళ్లిని ఆపిన పిల్ల. చెప్పమ్మా, చెప్పు." టీ వేళ షెడ్డులో పనివాళ్లు బకెట్లు బోర్లించుకుని కూర్చుని అడిగేవారు.

"ఎంతమంది ఉంటారు పెళ్లివాళ్లు?"

"ముప్పై ఒక్కమంది."

"ముందెవరు?"

"కొమ్ముబూర ఊదేవాడు. బూరకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. చివర ఎనిమిదేళ్ల పిల్ల. చెప్పు ఉంగటం తెగితే చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వస్తోంది."

చెప్పేటప్పుడు ఆమె ఏదీ కల్పించలేదు. ఎదురుగా ఉన్నది చూసి చెప్తున్నట్టే ఉండేది. చెప్పిన కొద్దీ ఇంకొకరు కనబడేవారు. ఒకామె కొంగులో తమలపాకులు దాచుకుంది. ఒక ముసలాయనకు దగ్గు.

మార్చి నెలలో ఒకరోజు ఒక వాగు మీది నడకవంతెన కింద కూర్చుని ఇనుప దూలాన్ని సుత్తితో కొడుతోంది. పైన పలకల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఒకరూ ఇద్దరూ కాదు, గుంపు. ఎవరో దగ్గారు. పలకల సందుల్లోంచి మట్టి రాలుతుందని తల పక్కకు తిప్పుకుంది. మట్టి రాలలేదు. దూలం మీద చెయ్యి వేసి చూస్తే రవ్వంత అదురు కూడా లేదు. పైకి వచ్చి చూసింది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా వంతెన ఖాళీగా ఉంది. ఎండ కాస్తోంది. కాకి ఒకటి కమ్మీ మీద కూర్చుని ఆమెకేసి చూసింది.

ఆ తర్వాత ఆమెకు తెలియకుండానే ఒక అలవాటు పడింది. ఆఫీసు తలుపు తెరిచి లోపలికి పోకుండా, తలుపు పట్టుకుని నిలబడేది, వెనకవాళ్లు వస్తారన్నట్టు. ఒకరోజు రాస్ చూశాడు.

"ఎవరి కోసం పట్టుకున్నావు?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అయినా తలుపు వెంటనే వదలడానికి చెయ్యి రాలేదు.

ఏప్రిల్ చివర రాస్ పిలిచి చెప్పాడు. "శుక్రవారం నీ ఆఖరి రోజు కదా. పొద్దున షెడ్డులో అందరినీ కూర్చోబెడతాను. వంతెన కథ పూర్తిగా చెప్పు. తర్వాత నీ కాగితం నింపి సంతకం పెడతాను."

ఆ సాయంత్రం ఇంద్రకళ వంటింట్లో నీలం పుస్తకం తీసి మనమాయ దీదీ ముందు పెట్టింది.

"పద్నాలుగో కథ ఎవరిది దీదీ?"

"పేర్లు చెప్పకూడదుగా."

"నాకు వాళ్లు వినబడుతున్నారు."

"ఎవరు?"

"పెళ్లివాళ్లు."

మనమాయ దీదీ చేతిలో గరిటె ఆగింది. పొయ్యి తగ్గించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "పోయినేడు ఇక్కడున్న దీపశిఖ కూడా అంది ఈ మాట. నిద్ర చాలక అంటోందనుకున్నాను. మెల్‌బోర్న్ పోయాక తగ్గిందంది." పుస్తకం తన వైపు తిప్పుకుంది. "లాల్‌ధ్వజ్ దాయ్ రాసింది అది, మనందరికీ అన్నలాంటివాడు. ఆరేళ్ల కిందట పైగదిలో ఉండేవాడు. ఇంజనీరే. స్థిరనివాసం వచ్చింది, ఆ వారమే బస్సు డ్రైవరుగా చేరాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. బస్సు ఆఖరి స్టాపులో పావుగంట ఆపుతాడు, అక్కడ దొరుకుతాడు. నేను చెప్పానని మాత్రం అనకు."

మర్నాడు బుధవారం. పని అయ్యాక ఇంద్రకళ ఆఖరి స్టాపుదాకా ఆయన నడిపే బస్సులో కూర్చుంది. అందరూ దిగారు. లాల్‌ధ్వజ్ ఇంజను ఆపి ఫ్లాస్కు తీసుకుని, స్టాపులోని బల్ల మీద కూర్చున్నాడు. నలభై కూడా లేవు, తల నెరిసిపోయింది.

"దాయ్, నేను కిల్బర్న్ ఇంట్లో ఉంటున్నాను. మనమాయ దీదీ ఇంట్లో."

"ఓహో. ఇంకా ఆవాకేనా రోజూ?"

"రోజూ."

ఆయన నవ్వి, ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. ఆమె రెండు చేతులా అందుకుంది.

"పద్నాలుగో కథ నేను తీసుకున్నాను దాయ్."

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, లోపల మనిషి మాత్రం లేచి వెళ్లిపోయినట్టయింది. "నువ్వు ఎన్నోదానివి?" అన్నాడు.

"తొమ్మిది."

"ఎలా చెప్తున్నావు?"

"రాసి ఉన్నట్టే. ఇంకా, అడిగితే కొంచెం ఎక్కువ." ఆమె ఆగింది. "పెళ్లికొడుకు తండ్రి 'వాన చూసి జడుసుకున్నావా తమ్ముడూ' అన్నాడని చెప్తున్నాను. చివర ఒక పిల్ల, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని..."

లాల్‌ధ్వజ్ ఫ్లాస్కు కింద పెట్టాడు. పెట్టిన చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

"నువ్వు మా తూర్పు కొండల మనిషివా? భోజ్‌పుర్?"

"కాదు దాయ్. రోల్పా. మీ వైపు ఎప్పుడూ రాలేదు."

రోడ్డు మీద కార్లు పోతున్నాయి. ఇక్కడ ఏప్రిల్ అంటే ఆకులు రాలే కాలం, ఒక ఆకు వచ్చి ఆయన బూటు మీద పడింది. ఆయన వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"అట్లాగే అన్నాడు" అన్నాడు చివరికి. "అందరూ నవ్వారు. పెళ్లికొడుకు తండ్రి ఊళ్లో పెద్దమనిషి, వార్డు అధ్యక్షుడు. నాకు ఇరవై నాలుగు. నేనూ నవ్వాను. వాళ్లు నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదని. నవ్వి పక్కకు జరిగాను. కొద్దికొద్దిమందిగా పోండి అన్నాను, అది కూడా గట్టిగా అన్లేదు. బాజాతో సహా అందరూ ఒక్కసారే ఎక్కారు."

ఇంద్రకళ టీ మూత బల్ల మీద పెట్టింది.

"ఏడుగురు" అన్నాడాయన. "వాగు ఆ పొద్దున ఎట్లా ఉందో నీకు చెప్పను. విచారణకొచ్చినవాళ్లతో బిగింపు సంగతి చూళ్లేదని చెప్పాను. తర్వాత చదువని ఇటు వచ్చేశాను. క్లాసులో అప్పటి టీచరు అడిగింది, ప్రమాదమని తెలిసి పని ఆపించిన సంగతి చెప్పమని. నోరు తెరిచాను. ఇదే మొదలైంది. చెయ్యి అడ్డం పెట్టేదాకా వచ్చాను. ఈసారి చెయ్యి తీయలేదు. అంతే, వాళ్లు ఆగారు. కూర్చుని అటుకులు తిన్నారు. ఇద్దరిద్దరుగా దాటి అవతలి గట్టు ఎక్కారు. బూర చప్పుడు కొండ మలుపు తిరిగిందాకా విన్నాను. అది మొదటిసారి, వాళ్లు దాటడం నేను చూడటం."

"అందుకా రాశారు?"

"ఏడాదికి ఒకళ్లో ఇద్దరో చెప్తారు. చెప్పినప్పుడల్లా దాటుతారు. మనమాయని ఫోన్లో అడుగుతుంటాను, ఈ ఏడు ఎవరన్నా తీసుకున్నారా అని. ఏమీ తెలియనట్టు అడుగుతాను." ఆయన లేచాడు, టైమైంది. "మళ్లీ ఎప్పుడు చెప్తావు?"

"శుక్రవారం పొద్దున."

"జాగ్రత్తగా చెప్పు చెల్లీ. ఎవర్నీ వదిలిపెట్టకు. ఆ పిల్లని కాస్త చెయ్యి పట్టుకుని నడిపించు."

శుక్రవారందాకా ఇంద్రకళకు అదే పని. బస్సులో, స్నానాలగదిలో, సుత్తి పట్టుకున్నప్పుడు, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించడం అలవాటు చేసుకుంది. చెప్పడం కష్టమేమీ కాదు. ఇంతకుముందు ఇరవైసార్లు చెప్పిందే. రాస్ సంతకం పెడతాడు. వాళ్లు దాటుతారు. ఎవరికీ ఏమీ కాదు.

శుక్రవారం ఏడింటికి షెడ్డులో పద్నాలుగుమంది కూర్చున్నారు. చలి. చేతుల్లో కాఫీలు. వెల్డింగు చేసే విన్స్ అనే ముసలాయన ముందు బకెట్టు మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు.

రాస్ లేచి నిలబడ్డాడు. "ఈ పిల్ల కథ మీలో సగంమంది విన్నారు. ఎందుకు మళ్లీ చెప్పిస్తున్నానంటే, ప్రమాదం కనపడితే నోరు తెరవండి. ఒక్క మాట. అంతే, ఎవడైనా ఆగుతాడు. చూడండి, ఒక ఆడపిల్ల ఒక్క మాటతో పెళ్లినే ఆపింది."

"మా ఆవిడకి ఈ సంగతి ముప్పై ఏళ్ల కిందట తెలిసుంటే బాగుండేది" అన్నాడు విన్స్. అందరూ నవ్వారు. రాస్ కూడా నవ్వాడు. ఇంద్రకళకూ నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

మొదలుపెట్టింది. వాన. బిగింపు. నాలుగు వేళ్లు. బూర మలుపు తిరగడం, ఎర్రగుడ్డ, తమలపాకులామె, దగ్గే ముసలాయన. పెళ్లికొడుకు తండ్రి. 'వాన చూసి జడుసుకున్నావా తమ్ముడూ.' షెడ్డులో వాళ్లంతా తెలిసిన మలుపు కోసం కాఫీ పట్టుకుని హాయిగా చూస్తున్నారు. ఒక్క మాట చాలు అనుకుంటున్నారు వీళ్లు. రేపు ఎక్కడో ఏ పెద్దమనిషో నవ్వుతాడు. ఒక్క మాట చాలదని ఆ రోజు తెలుస్తుంది వీళ్లకు, పక్కకు జరిగాక.

"అందరూ నవ్వారు" అంది ఇంద్రకళ. "నేనూ నవ్వాను."

ఆమె చెయ్యి ఎత్తి ఉంది. అది దిగింది.

"నవ్వి పక్కకు జరిగాను."

రాస్ తలెత్తాడు.

"కొద్దికొద్దిమందిగా పోండి అన్నాను. గట్టిగా అన్లేదు. బాజాతో సహా ఎక్కేశారు. సగం దూరం పోయాక బిగింపు వదిలింది. ఏడుగురు పోయారు. విచారణలో నేను చూళ్లేదని చెప్పాను. ఇన్నాళ్లూ మీకు చెప్పింది, జరగాల్సింది. జరిగింది ఇది."

ఎవరూ కాఫీ తాగలేదు. షెడ్డు రేకు మీద ఏదో పక్షి నడిచిన చప్పుడు వినబడింది. విన్స్ కాళ్లు ముడుచుకుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మా పరంజా కూలినప్పుడు నేనూ అంతే" అన్నాడు నేలకేసి చూస్తూ. "పెద్ద మేస్త్రీ తొందరపెట్టాడు. నాకు తెలుసు. ఊరుకున్నాను." ఒకరొకరుగా లేచి బళ్ల దగ్గరకు పోయారు.

ఆఫీసు గదిలో రాస్ కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"ఇంటర్వ్యూలో నాతో అబద్ధం చెప్పావన్నమాట."

"చెప్పాను."

"ఇవాళ చెప్పింది నిజమా?"

"నిజం. అట్లాగే జరిగింది."

అక్కడ నిలబడింది తాను కాదని ఒక్కమాట అంటే సగం బరువు తీరుతుంది. కానీ ఆ మాట అంటే ఇంకొకరి పేరు చెప్పాలి. ఆమె నేలకేసి చూడలేదు, డోరీన్ నేర్పినట్టు రాస్ కళ్లలోకే చూసింది. అక్కడ కోపం లేదు. అలసట ఉంది.

"పనికి వంక పెట్టలేను" అన్నాడు. "అన్నిటికీ టిక్కు పెడుతున్నాను. ఈ ఒక్క గడి, నిజాయితీ అని ఉంది చూడు, దీనికి పెట్టలేను. పెట్టకపోతే ఇంకో నాలుగు వారాలు పనిచేసి మళ్లీ సంతకం తీసుకోవాలి. నీ వీసా?"

"జూన్ తొమ్మిది."

రాస్ గోడ మీది క్యాలెండరుకేసి తిరిగి వేలితో వారాలు దాటించాడు. నాలుగు వారాలు, తర్వాత సర్టిఫికెట్టు తయారవడానికి ఒక వారం. మూడు రోజులు మిగిలాయి. ఒంట్లో నలతగా ఉండటానికి కూడా వీల్లేని మూడు రోజులు.

"సోమవారం ఏడింటికి రా" అన్నాడు.

"వస్తాను రాస్."

ఆదివారం మధ్యాహ్నం లాల్‌ధ్వజ్ కిల్బర్న్ ఇంటికి వచ్చాడు. ఆరేళ్లలో మొదటిసారి గడప తొక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో కమలాపళ్ల సంచి. మనమాయ దీదీ, "దారి తప్పి వచ్చావా దాయ్? బస్సు నడిపేవాడికి దారి తప్పడమేమిటి?" అంటూ టీ పెట్టింది. ఆయన ఆమె వైపు చూడలేదు. బల్ల దగ్గర ఇంద్రకళ ఎదురుగా కూర్చున్నాడు.

"దాటారా?" అన్నాడు.

ఇంద్రకళ తల అడ్డంగా ఊపింది. "లేదు దాయ్."

"అంటే?"

"జరిగింది జరిగినట్టు చెప్పాను. చెయ్యి తీసేశాను."

లాల్‌ధ్వజ్ కుర్చీ వెనక్కి జరిగింది. "ఆరేళ్ల నుంచి దాటిస్తున్నాను వాళ్లను. తొమ్మిదిమంది నోళ్లతో దాటించాను. ఒక్క పూటలో మళ్లీ నీళ్లల్లో వేసొచ్చావా? ఎవరిచ్చారు నీకా హక్కు? నీ చుట్టమా అందులో ఒక్కరైనా?" గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే బాగుండుననిపించింది. "నా పేరు చెప్పావా?"

"చెప్పలేదు. నేనే జరిగానని చెప్పాను."

"నువ్వా?"

"నేనే. నా కాగితంలో నిజాయితీ గడికి టిక్కు పెట్టలేదు, అబద్ధం చెప్పిన మనిషినని. మళ్లీ నాలుగు వారాలు పనిచేయాలి."

మనమాయ దీదీ కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టి, చప్పుడు చేయకుండా స్టవ్ దగ్గరకు పోయి నిలబడింది. టీ మీద మీగడ కట్టింది. లాల్‌ధ్వజ్ ఇంద్రకళ చేతులకేసి చూశాడు, అవి నిజంగా ఏమన్నా చేశాయేమో అన్నట్టు.

"నీకెందుకే ఆ పాపం?"

"వాళ్లు నా వెనకే తిరుగుతున్నారు దాయ్. తలుపు తీస్తే లోపలికి రారు, బయటే నిలబడతారు. దాటించినన్నాళ్లూ అంతే. దాటినవాళ్లైతే ఇంకా ఎందుకు తిరుగుతారు?"

ఆయన కప్పు పక్కకు జరిపాడు. "నా బస్సు కూడా ఎక్కుతారు" అన్నాడు. "ఎక్కడా దిగరు."

ఇంద్రకళ లేచి ఫ్రిజ్ మీది పుస్తకం తీసింది. పద్నాలుగో కథ దగ్గర విప్పి, కలం పట్టుకుని కూర్చుంది. "పేర్లు చెప్పండి."

"పేర్లు పెట్టకూడదు ఇందులో."

"మన పేర్లు పెట్టకూడదు."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరుకూ మధ్య చాలా దూరం ఉంది. బూర ఊదే రత్నే. తమలపాకుల దిల్‌మాయ. దగ్గే ముసలాయన చంద్రవీర్, ఆయన కోడలు. పెళ్లికొడుకు మేనమామలు ఇద్దరు. ఇంద్రకళ గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి రాసింది. ఆరుగురయ్యారు.

"ఆ పిల్ల?" అంది.

లాల్‌ధ్వజ్ కమలాపండు చేతిలోకి తీసుకుని తిప్పాడు. "తెలీదు. ఎవరి పిల్లో ఎవరితో వచ్చిందో. ఒడ్డుకు చెప్పు ఒక్కటే వచ్చింది. ఊళ్లోవాళ్లు ఏడుస్తుంటే పేరడగడానికి నాకు నోరు రాలేదు. తర్వాత పదమూడేళ్లు, ఎవర్నడుగుతాను?"

"ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకు తెలుస్తుంది. అధ్యక్షుడికి. బతికే ఉన్నాడని విన్నాను."

ఏడో వరుస ఖాళీగా ఉంది, కలం దాని మీద ఆగి ఉంది. నేపాల్లో ఇప్పుడు పొద్దున పదకొండు దాటి ఉంటుంది.

లాల్‌ధ్వజ్ ఫోను తీశాడు. ఎవరికో చేసి అధ్యక్షుడి ఇంటి నంబరు అడిగి, ఆ పేర్ల పక్కనే అంచున రాసుకున్నాడు. ఆ నంబరు నొక్కడానికి రెండుసార్లు వేలు ఎత్తి దించాడు. మూడోసారి నొక్కి, ఫోను చెవికి ఆనించకుండా బల్ల మీద పెట్టాడు. మోగింది. చాలాసేపు మోగింది. మనమాయ దీదీ స్టవ్ ఆర్పేసింది.

అవతల ఎవరో ముసలి గొంతు దగ్గి, "ఎవరూ?" అంది.

లాల్‌ధ్వజ్ తన పేరు చెప్పాడు.